గాలి జల్లెడ టీచరుగారు

కిందటి వారం బందరు రోడ్డు మీద ఒక షెడ్డులో బండి సర్వీసుకి ఇచ్చి బెంచీ మీద కూర్చున్నాను. మెకానిక్ ఎయిర్ ఫిల్టరు బయటికి తీశాడు. గుండ్రటి కాగితం ఫిల్టరు, మడత మడతలోనూ దుమ్ము. దాన్ని పట్టుకెళ్ళి అరుగు అంచుకేసి టపటపా కొట్టబోయాడు.

"కొట్టకయ్యా! కాగితం చిరిగిందంటే దుమ్ముకి నువ్వే తలుపు తీసినట్టు!"

అరిచింది నేనే. కానీ ఆ మాట నాది కాదు. ఆ గొంతు కూడా నాది కాదేమో అనిపించింది. నలభై మంది ఆడపిల్లలున్న తరగతిని ఒక్క కేకతో కూర్చోబెట్టే గొంతు అది. మెకానిక్ చేతిలో ఫిల్టరు అలాగే గాల్లో ఆగిపోయింది.

"ఎవరు చెప్పారండీ మీకు?" అన్నాడు.

"మా టీచరుగారు."

"ఇంజనీరింగు కాలేజీలోనాండీ?"

"కాదు. కుట్లు, అల్లికలు."

అతను నన్ను ఒకసారి, ఫిల్టరుని ఒకసారి చూసి, దాన్ని జాగ్రత్తగా పేపరు మీద పెట్టాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆ రోజంతా ఆగలేదు.

ఆవిడ దగ్గర నేనేనాడూ చదువుకోలేదు. మాది గుడ్లవల్లేరు. పొలం అన్నయ్య చూసుకుంటానన్నాడు కాబట్టి, రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేనొక సెకండ్‌హ్యాండ్ డీజిలు పికప్ కొన్నాను. గుడివాడ రైసు మిల్లుల నుంచి ఇటుక బట్టీలకి ఊక తోలేవాణ్ణి. మిగతా రోజుల్లో దివిసీమ రొయ్యల చెరువులకి మేత బస్తాలు. ఊక లోడు ఎక్కిస్తున్నప్పుడు మనిషికి మనిషి కనపడడు. ఆ దుమ్మంతా ఎక్కడికి పోతుందో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఏడాది తిరక్కుండా ఇంజను ఆయిలు తాగడం మొదలుపెట్టింది. వెనక నీలం పొగ. షెడ్డులో విప్పి చూసి, "లోపలంతా గరుకు కాగితం పెట్టి రుద్దినట్టుంది. దుమ్ము తినేసింది" అన్నారు. సిలిండర్లు మళ్ళీ నునుపు పట్టించి బోరు చేయించాను. ఇంకోసారి అలా జరిగితే బండి అమ్మేసుకుని అన్నయ్య ట్రాక్టరు తోలుకోవడమే అని ఇంట్లో తేల్చి చెప్పారు. ఆ మాటతో నాకు నిద్ర పట్టేది కాదు.

కంపెనీ ఫిల్టరు గుడివాడలో ఒక నెల దొరికేది, మూడు నెలలు దొరికేది కాదు. బయటి రకాలు మాత్రం కొట్టు నిండా ఉండేవి. ఒకటి పచ్చగా, ఒకటి పసుపుగా, ఒకదాని డబ్బా మీద పులి బొమ్మ. నాలుగు మార్చాను. ఏది మంచిదో అడిగితే ఎవరి దగ్గరున్నది వాళ్ళు మంచిదనేవారు. చివరికి ఎవరో ఆ కొట్టు చెప్పారు.

చిన్న స్పేరు పార్టుల కొట్టు. కౌంటరు వెనక ఒక పెద్దాయన. పులి బొమ్మది ఎంతండీ అని అడిగాను.

"అడిగి చెప్తానండీ" అన్నాడాయన.

అడగాల్సిన మనిషి ఆయన పక్కనే ఉంది. గంజి పెట్టిన నూలు చీర, కొలతపెట్టి మడిచినట్టున్న కుచ్చిళ్ళు, మెళ్ళో కొలత టేపు, కొప్పులో పెన్సిలు, మధ్యవేలికి కుట్టేటప్పుడు తొడుక్కునే ఇత్తడి టోపీ. మిషన్ స్కూల్లో ముప్పయ్యేళ్ళు కుట్లు నేర్పి, రిటైరై, భర్త కొట్టుని చూడటానికని వచ్చి, మర్నాటి నుంచి నడిపించడం మొదలుపెట్టిన మనిషి. గుడివాడ బళ్ళవాళ్ళందరికీ ఆవిడ టీచరుగారు. ఆయన్ని అందరూ "టీచరుగారి ఆయన" అనేవారు. దానికాయన ఏనాడూ చిన్నబుచ్చుకోలేదు.

"ఏం మోస్తుంది నీ బండి?" అంది ఆవిడ.

"ఊకండీ."

"ఏ దారిలో తిరుగుద్ది?"

చెప్పాను.

"ఫిల్టరు ఎవరు శుభ్రం చేస్తారు?"

"నేనేనండీ. కిరసనాయిల్లో ముంచి, నేలకేసి..."

"కొడతావా!"

ఆ కేకకి పక్క కొట్టువాడు తొంగి చూశాడు. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, నాకు పాఠం మొదలుపెట్టింది.

"అందరూ ఇంజను డీజిలు తిని బతుకుద్ది అనుకుంటారు. డీజిలు పచ్చడయ్యా. అన్నం గాలి. ముద్దలో ఎక్కువ ఏది? అన్నమే కదా? రాళ్ళన్నం పెడితే నువ్వు తింటావా? దానికి నోరు లేదు కాబట్టి తింటంది."

ఆవిడ దాన్ని ఎయిర్ ఫిల్టరు అనేది కాదు. గాలి జల్లెడ అనేది. అందుకే బళ్ళ స్టాండులో ఆవిడకి ఆ పేరు కలిపేశారు.

ఆ రోజు నాకు పులి బొమ్మది అమ్మలేదు. అల్మారా మీంచి ఐదు రకాలు దింపించి కౌంటరు మీద వరసగా పెట్టింది. ఒక్కోదాన్నీ ఎత్తి, కాగితం మడతల్ని ఇత్తడి టోపీతో టిక్కు టిక్కుమని తాకుతూ లెక్కపెట్టింది. "గౌనుకి కుచ్చులు తక్కువేస్తే గుడ్డ మిగులుద్ది, గౌను చెడుద్ది. వీడు కాగితం మిగుల్చుకున్నాడు" అంటూ ఒకదాన్ని పక్కకి తోసేసింది. ఇంకోదాని రబ్బరు చుట్టుని గోరుతో నొక్కి చూసింది. "బిస్కెట్టులా ఉంది. బండిలో ఫిల్టరు డబ్బాకి అతుక్కోదు. సందులోంచి దుమ్ము దర్జాగా లోపలికెళ్ళుద్ది." పులి బొమ్మ దాన్ని వాసన చూసి మొహం చిట్లించింది. "జిగురు ఇంకా ఆరలేదు. వేడికి ఊడిపోద్ది."

మిగిలిన రెండిటికీ చివరి పరీక్ష. ఫిల్టరు లోపల టార్చిలైటు పెట్టి, దాన్ని బల్ల కిందకి పట్టుకెళ్ళి, తలమీంచి నల్ల దుప్పటి కప్పుకుంది. అరవయ్యేళ్ళు రాబోతున్న ఆడమనిషి, కొట్టు మధ్యలో, దుప్పటిలో ముసుగేసుకుని కూర్చుని ఉంటే, ఆయన కౌంటరు దగ్గర నాతో వాన గురించి మాట్లాడుతున్నాడు. దుప్పటిలోంచి మాట వచ్చింది.

"ఏవండీ, దీనికి వెలుతురు చుక్క కనపడతంది. తిరిగి పంపించేయండి. రెండోది ఈ అబ్బాయికి ఇవ్వండి."

అది తీసుకుని వచ్చేశాను. దాని డబ్బా మీద ఏ బొమ్మా లేదు. చూడ్డానికి అంత సాదాగా ఉన్న వస్తువుని అంత సంబరంగా ఇంటికి తీసుకెళ్ళడం నా జీవితంలో అదే మొదటిసారి.

కానీ పదిరోజులకే గుడివాడలో ఎర్ర ఫిల్టరు దిగింది.

దాన్ని తెచ్చినవాడు బెజవాడ నుంచి వచ్చిన సేల్స్ కుర్రాడు. నీలం చొక్కా, ఎర్ర టై, మెరిసే పెట్టె. "నూలు వలతో చేసిందండీ. నూనె రాసి వాడుకోవాలి. మురికి పడితే ఉతుక్కోవచ్చు. జన్మలో మళ్ళీ కొననక్కర్లేదు. రేసు కార్లకి వేసేది ఇదే" అనేవాడు. నాకు బాగా దగ్గరైన స్నేహితుడొకడు ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేదు గానీ ఒకరినొకరం బావా అనే పిలుచుకునేవాళ్ళం. నాదీ వాడిదీ ఒకే రకం పికప్. వాడు అందరికన్నా ముందు ఎర్ర ఫిల్టరు వేయించాడు. వేశాక యాక్సిలేటరు తొక్కితే బుస్సుమని చప్పుడు. విమానం లేస్తున్నట్టు. స్టాండులో ఉన్న వాళ్ళంతా బండి చుట్టూ మూగారు. "తొక్కు బావా, మళ్ళీ తొక్కు!" అని నేను కూడా అన్నాను. నిజం చెప్పొద్దూ, నాకూ ఆ చప్పుడు కావాలనిపించింది.

సేల్స్ కుర్రాడు టీచరుగారి కొట్టుకి వెళ్ళి, ముందు అల్మారాలో తన సరుకు పెట్టమని అడిగాడు. ఆవిడ ఎర్ర ఫిల్టరుని దుప్పట్లోకి తీసుకెళ్ళి బయటికొచ్చి, "లోపల దీపావళిలా ఉంది నాయనా. ఇన్ని చుక్కలా?" అంది.

"నూనె రాశాక దుమ్ము దానికే అంటుకుంటుంది మేడమ్."

"సన్న ఊక అంటుకుంటదా?"

"ఏదైనా అంటుకుంటుంది మేడమ్."

"అయితే చూద్దాం" అంది ఆవిడ. అలా మొదలైంది పందెం.

పద్ధతి ఆవిడే చెప్పింది. ఫిల్టరు దాటాక గాలి ఇంజనులోకి వెళ్ళే ఇనప గొట్టం మూతి లోపల పలచగా గ్రీజు రాయాలి. ఫిల్టరు వదిలేసిన దుమ్ము ఆ గ్రీజుకి పట్టుకుంటుంది. ప్రయాణం అయ్యాక తెల్ల రుమాలుతో తుడిస్తే ఎవరిది ఎంత వదిలిందో రుమాలే చెప్తుంది. ఆవిడ ఓడితే ఎర్ర ఫిల్టర్లు కొట్టు ముందు వరసలో పెట్టి పైన బోర్డు రాయించాలి. అతను ఓడితే స్టాండులో అందరి ముందూ నిలబడి, ఊక బళ్ళకి ఇది పనికిరాదని తనే చెప్పాలి. స్టాండులో ఉన్న ప్రతివాడూ ఆ ఫలితం చూసి కొందామని ఆగిపోయాడు. నాకైతే పందెం కాదది. నా బండి బతుకు.

ఆదివారం ఆవిడ చర్చిలో పాడాలి కాబట్టి శనివారం అనుకున్నాం. నాకూ బావకీ కోడూరు వైపు చెరువులకి మేత దించే పని ఉంది. "కోడూరుతో ఆగొద్దు. పాలకాయతిప్ప దాకా వెళ్దాం. ఊక దుమ్ము, ఊరి దుమ్ము, ఇసక, మూడూ తగలాలి" అంది. తీరా చూస్తే ఆవిడ కూడా తయారై వచ్చింది. చేతిలో మూడు గిన్నెల క్యారేజీ, భుజానికి కుట్టు సంచీ. ఆయన వెనకే గొడుగు పట్టుకుని వచ్చాడు.

"మీరెందుకండీ?" అన్నాను ఆయనతో.

"నేను మధ్యస్థుణ్ణి" అన్నాడు.

మధ్యస్థుడు ఎవరి క్యాబిన్లోనూ కూర్చోకూడదట. బందరు దాకా నా బండిలో బస్తాల మీద, అక్కడి నుంచి బావ బండిలో బస్తాల మీద. గొడుగు విప్పుకుని ఎక్కి కూర్చున్నాడు. రెండు బళ్ళ గొట్టాల్లోనూ గ్రీజు రాయించి, ఫిల్టరు డబ్బాలకి టీచరుగారు దారంతో ముడులు వేసింది, మధ్యలో ఎవరూ తెరవకుండా. "ఈ ముడి ఎవరైనా విప్పి మళ్ళీ వేయగలిగితే నా ఇత్తడి టోపీ వాళ్ళకే ఇచ్చేస్తాను" అంది. బెజవాడ కుర్రాడు టై సర్దుకుని బావ పక్కన ఎక్కాడు, టీచరుగారు నా పక్కన ఎక్కింది.

కోతలైపోయిన రోజులు. గుడ్లవల్లేరు నుంచి పెడన దాకా రోడ్డు సగం ధాన్యం కుప్పలే. గడ్డి, పొట్టు, నూర్పిడి దుమ్ము. టీచరుగారు కిటికీ అద్దం దింపించి, "రానీ, బాగా రానీ!" అంటూ దుమ్ముని ఆహ్వానించింది. లారీ కనపడితే చాలు, "దాని వెనక పెట్టు" అనేది. నేను పెట్టేవాణ్ణి. వెనక బస్తాల మీంచి మధ్యస్థుడి దగ్గు వినపడేది. పెడనలో కలంకారీ గుడ్డలు ఆరేసిన తాళ్ళ పక్కగా వెళ్తుంటే మాత్రం, "ఇక్కడ నెమ్మదిగా పోనీయ్, పాపం, అద్దకం మీద పడుద్ది" అంది.

బందరులో హల్వా కొన్నాం. మధ్యస్థుడు గొడుగు మడిచి, తలా వాటా సమంగా పంచి, తన చేతికంటింది నాకి, ధర్మంగా బావ బండి ఎక్కాడు. చల్లపల్లి దాటాక టీచరుగారు పాట అందుకుంది. బండి మూడో గేరులో ఉంటే ఒక శ్రుతి, నాలుగులో ఉంటే ఒక శ్రుతి. "మార్చకు, మార్చకు, చరణం అవ్వనీయ్" అనేది గేరు మీద చెయ్యేస్తే. పులిగడ్డ దగ్గర కృష్ణ దాటుతున్నప్పుడు మాత్రం పాట ఆపేసింది. నీళ్ళకేసి చూస్తూ, "ఈ కొట్టులో కూర్చుని ఎన్ని బళ్ళకి సామాన్లిచ్చానో. అవి ఎక్కడెక్కడికి వెళ్తాయో ఇవాళ్టి దాకా చూళ్ళేదు తమ్ముడూ" అంది.

కోడూరు దగ్గర బస్తాలు దించి, పాలకాయతిప్ప చేరేసరికి ఎండ నడినెత్తి మీదుంది. ముందు నది, పక్కన సముద్రం, చుట్టూ ఇసక. వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు ముగ్గురు లేచి వచ్చి చూస్తున్నారు. టీచరుగారు సంచీలోంచి రెండు తెల్ల రుమాళ్ళు తీసింది. మూల పువ్వు కుట్టినవి.

ముందు బావ బండి. ఇనప గొట్టానికి తొడిగిన రబ్బరు గొట్టం కొస ఊడదీసి, రుమాలు వేలికి చుట్టి, లోపల తిప్పి తీసింది. లేత గోధుమరంగు మరక. కనీకనపడకుండా. సేల్స్ కుర్రాడు ఊపిరి వదిలాడు.

తర్వాత నాది. రుమాలు బయటికొచ్చింది. నల్లగా ఉంది. ఒకచోట బురద ముద్ద.

బెజవాడ కుర్రాడు టై ఊడదీసి గాల్లో తిప్పుతూ ఇసకలో ఎగిరాడు. బావ వాణ్ణి ఎత్తుకున్నాడు. నాకు అన్నయ్య ట్రాక్టరు కళ్ళ ముందు కనపడింది. టీచరుగారు మాత్రం కదల్లేదు. రుమాలుని ఎండకి ఎత్తి పట్టుకుని చూస్తోంది.

"ఆగండి. మరక ఒక్క పక్కే ఉంది" అంది.

"ఎటుంటే ఏంటి మేడమ్!" అన్నాడు గాల్లోంచి సేల్స్ కుర్రాడు.

"జల్లెడ దాటొచ్చిన దుమ్మైతే చుట్టూ పడాలి. ఇది ఒకేచోట నుంచి వచ్చింది."

చీర చెంగు దోపి, బానెట్ కిందకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, ఫిల్టరు డబ్బా నుంచి ఇంజనుకి వెళ్ళే రబ్బరు గొట్టాన్ని అడుగున తడిమింది. ఒకచోట చెయ్యి ఆగింది. "రా, ఇక్కడ వేలు పెట్టు" అంది నన్ను. పెట్టాను. బొటనవేలంత చీలిక. మట్టి, ఆయిలు కప్పేసి పైకి కనపడటం లేదు. ఎన్నాళ్ళ నుంచి ఉందో. నాలుగు ఫిల్టర్లు మార్చినప్పుడూ ఉంది. ఇంజను బోరుకి వెళ్ళినప్పుడూ ఉంది. ఎంత మంచి ఫిల్టరు వేసినా, బండి దాని పక్కనుంచే ఊక మింగుతూ వచ్చింది.

టీచరుగారు నా మొహం చూసింది. పెదాలు బిగించుకుంది. ఆపుకోలేక నవ్వేసింది.

"ముక్కుకి గుడ్డ కట్టుకుని నోరు తెరుచుకుని పడుకున్నావు కదయ్యా!"

ఇసకలో కూలబడి నవ్వింది. కళ్ళజోడు ఊడి ఒళ్ళో పడింది. నాకు మొదట ఏడుపొచ్చింది, ఆనక అదే నవ్వైంది. ఏడాది పాటు ఫిల్టరు ఫిల్టరని గుడివాడంతా తిరిగినవాణ్ణి నేను. బావ నవ్వుతూ సేల్స్ కుర్రాణ్ణి కింద పడేశాడు. వలల దగ్గరివాళ్ళు ఎందుకో తెలియకుండానే నవ్వుతున్నారు. మధ్యస్థుడు ఒక్కడే గంభీరంగా, గొడుగు కింద నిలబడి, "అయితే తీర్పేంటో అడిగి చెప్తానండీ" అన్నాడు. దాంతో మళ్ళీ అందరం మొదలు.

నవ్వు తగ్గాక సేల్స్ కుర్రాడు ఇసక దులుపుకుంటూ లేచాడు. "గొట్టం చిరిగింది కదండీ. పందెం చెల్లదు" అన్నాడు. మంచి మాటే అన్నాడు.

"ఎందుకు చెల్లదు? ఓడింది నేనే" అంది టీచరుగారు. "కుట్టే ముందు గుడ్డకి ఎక్కడైనా చిరుగుందేమో చూసుకోమని ముప్పయ్యేళ్ళు పిల్లలకి చెప్పాను. జల్లెడ చూశాను గానీ గొట్టం చూళ్ళేదు. తప్పు నాది. బోర్డు రాయిస్తాను."

"వద్దు మేడమ్."

"రాయిస్తానన్నానా?"

"గెలిచింది నేను కాదు మేడమ్!"

"నోర్మూసుకో. నువ్వే గెలిచావు."

ఒకరు గెలవలేదంటే ఒకరు ఓడానంటూ పావుగంట గొడవపడ్డారు. అంత కోపంగా ఓటమి కోసం పోట్లాడిన మనిషిని నేను మళ్ళీ చూళ్ళేదు.

అప్పుడు నాకు గుర్తొచ్చింది. ఇంటికెలా వెళ్ళాలి? ఆ చీలికతో మళ్ళీ అంత దుమ్ములో పడితే బోరు చేయించిన ఇంజను ఏమవుతుంది? అక్కడ స్పేరు పార్టుల కొట్టు కాదు కదా, కిళ్ళీ కొట్టు కూడా లేదు.

టీచరుగారు గొట్టాన్ని పూర్తిగా ఊడదీయించింది. బస్తాలు కుట్టే దబ్బనం బావ బండిలో ఉంది. వలలవాళ్ళని అడిగి నైలాను దారం తీసుకుంది. బండి నీడలో బాసింపట్టు వేసుకుని కూర్చుని, గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఇత్తడి టోపీతో దబ్బనాన్ని నొక్కి, చీలికని కుట్టడం మొదలుపెట్టింది. రబ్బరు మందం. ఒక్కో పోటుకీ పెదవి కొరుక్కుంటోంది. ఐదు నిమిషాలకి వలలు అల్లే పెద్దమనిషి దగ్గరకొచ్చి కూర్చున్నాడు.

"ఆ ముడి మాది కాదండీ" అన్నాడు.

"ఇది కాజా కుట్టు. చొక్కా గుండీల దగ్గర వేస్తాం" అందావిడ.

"మళ్ళీ వెయ్యండి, చూస్తాను."

ఆయనకి నేర్పింది. ఆయన వల ముడి ఆవిడకి నేర్పాడు. నా గొట్టం మీద సగం దర్జీ కుట్టు, సగం వల ముడి పడ్డాయి. పైన లోడు కట్టే ట్యూబు రబ్బరుని పట్టీలా సాగదీసి చుట్టి బిగించింది. తీసి బండికి పెట్టాం. రెండు బళ్ళ ఇనప గొట్టాలూ శుభ్రంగా తుడిచి, కొత్తగా గ్రీజు రాశాం. స్టార్టు చేశాను. ఆ ఇంజను చప్పుడు ఎలా చెప్పను? జలుబు చేసినవాడికి ముక్కు తెరుచుకున్నట్టు ఉంది. టీచరుగారు బానెట్ మీద చెయ్యి పెట్టి వింటూ నిలబడింది. తర్వాత నాకేసి తిరిగి, చిన్నపిల్ల జామకాయ అడిగినట్టు అడిగింది.

"ఒక్కసారి నేను కూర్చోనా?"

పక్కనే గట్టిగా పలక కట్టిన ఉప్పు నేల, మైలు దూరం వరకూ చెట్టూ లేదు మనిషీ లేడు. స్టీరింగు ముందు కూర్చోబెట్టాను. మధ్యస్థుడు కంగారుగా వెనకెక్కాడు.

"క్లచ్ తొక్కండి" అన్నాను.

"ఏది?"

"ఎడమదండీ. వారానికి పది క్లచ్ ప్లేట్లు అమ్ముతారు కదండీ!"

"ప్లేటు తెలుసయ్యా. అది కాలి కింద ఎక్కడుంటదో నాకెవరు చెప్పారు?"

బండి ఎగిరి గెంతింది. కదిలింది. ఆవిడకి స్టీరింగు తిప్పడం వచ్చింది గానీ, తిప్పింది మళ్ళీ తిన్నగా చేయడం రాలేదు. పికప్పు గుండ్రంగా తిరుగుతోంది. ఒక చుట్టు. రెండు చుట్లు. టై భుజం మీద వేసుకుని సేల్స్ కుర్రాడు పక్కనే పరిగెడుతూ "బ్రేకు మేడమ్, బ్రేకు!" అంటున్నాడు. వెనక మధ్యస్థుడు రెండు చేతులా కడ్డీ పట్టుకుని ఆవిణ్ణి పేరుపెట్టి పిలుస్తున్నాడు. ఆయన నోట ఆ పేరు అప్పుడే విన్నాను. ఆవిడ మాత్రం ముందుకు వంగి, నోరంతా తెరిచి, "తమ్ముడూ, ఇది నేను తోలుతున్నానా? నేనేనా?" అంటోంది. మూడో చుట్టులో దానంతటదే ఆగిపోయింది.

గుడివాడ చేరాక రెండు గొట్టాలూ మళ్ళీ తుడిచింది. బావది అదే గోధుమరంగు. నాది దాదాపు తెల్లగా వచ్చింది. "చూశారా!" అని అరిచాను నేను. "పందెం వెళ్ళేటప్పుడే అయిపోయింది" అంది ఆవిడ. మర్నాడు కాదు, సోమవారం పొద్దున కొట్టు ముందు బోర్డు లేచింది. ఆవిడ చేతిరాతే.

"ఎర్ర ఫిల్టరు లభించును. టౌనులో తిరిగే బళ్ళకు బాగుండును. ఉతికి, ఆరబెట్టి, నూనె రాసే ఓపిక ఉన్నవారు కొనగలరు. ఊక, ఇటుక, గడ్డి మోసేవారు లోపలికి వచ్చి అడగగలరు. అన్నిటికన్నా ముందు గొట్టం చూసుకోగలరు."

"ఇలా రాస్తే ఎవరు కొంటారు మేడమ్?" అన్నాడు సేల్స్ కుర్రాడు.

"కావాల్సినవాడు కొంటాడు. చప్పుడు కోసం కొన్నవాడు నెల తిరక్కుండా నిన్ను తిడతాడు. ఏది కావాలి నీకు?"

అతను జేబులోంచి నోట్‌బుక్కు తీసి ఆ బోర్డు మీది మాటలు ఎక్కించుకున్నాడు. ఆ తర్వాత బెజవాడ నుంచి ఎప్పుడొచ్చినా ఆవిడ క్యారేజీలోంచే తినేవాడు. స్టాండులో చాలామంది ఆ వారంలోనే గొట్టాలు విప్పి చూసుకున్నారు. ఏడుగురికి చీలికలు దొరికాయి. నా ఇంజను మళ్ళీ విప్పాల్సిన పని పడలేదు. బండి నిలిచింది, నేనూ నిలిచాను.

ఆవిడ నా దగ్గరే డ్రైవింగు నేర్చుకుంది. స్టీరింగు తిన్నగా చేయడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. లైసెన్సు వచ్చిన రోజు స్టాండు మొత్తానికి హల్వా పంచింది. ఒక పాత వ్యాను కొనుక్కుని, పల్లెటూళ్ళ మెకానిక్కుల దగ్గరికి తనే సామాన్లు వేసుకుని తిరిగేది. పక్కన ఆయన గొడుగు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చునేవాడు.

ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది. కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. వెళ్ళి ఆయన్ని చూసి కూర్చుంటే, "ఏమన్నా మాట్లాడదామంటే ఏం మాట్లాడాలో తెలియట్లేదయ్యా" అన్నాడు. ఇద్దరం ఉప్పు నేల మీద ఆ మూడు చుట్లూ తల్చుకుని ఒకేసారి నవ్వాం. ఆ నవ్వు ఆగాక ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

నేనావిణ్ణి చివరిసారి చూసింది కౌతవరం దాటాక, పెడన వెళ్ళే రోడ్డు మీద. ఊక లోడుతో నెమ్మదిగా వెళ్తున్నాను. వెనకనుంచి హారను. ఆగదే! అద్దంలో చూసేలోగా ఒక పాత వ్యాను నా పక్కకొచ్చేసింది. స్టీరింగు మీదకి వంగి టీచరుగారు, కొప్పులో పెన్సిలు, మొహం నిండా నవ్వు. పక్కన ఆయన ఒక కన్ను మాత్రం తెరిచి నాకు చెయ్యూపాడు. ఆవిడ ఏదో అరిచింది. వినపడలేదు. నన్ను దాటేసి, మట్టి మార్జిను మీంచి రోడ్డెక్కి దూసుకుపోయింది. వెనక లేచిన దుమ్ములో నాకు ముందు ఏమీ కనపడలేదు. అద్దం ఎత్తుకోవచ్చు, ఎత్తుకోలేదు. దుమ్ము తగ్గేదాకా ఆగొచ్చు, ఆగలేదు. ఆవిడ దుమ్మంతా మొహాన పడుతుంటే, పిచ్చివాడిలా నవ్వుకుంటూ, పెడన దాకా ఆవిడ వెనకే వెళ్ళాను.